రెండు నోళ్ళ మీదుగా

నా భర్త లోవరాజు తన మనసులో మాట నలుగురిలో చెప్పింది బహ్రెయిన్‌లో, ఒక జూలై శుక్రవారం మధ్యాహ్నం. తను తెలుగులో చెప్పాడు. నేను దాన్ని హిందీలో చెప్పాను. నా పక్కనున్న లారెన్స్ భాయ్ ఆ హిందీని ఇంగ్లీషులో చెప్పాడు. అలా రెండు నోళ్ళ మీదుగా వెళ్ళి ఆ మాట గదిలో అందరికీ చేరింది.

లారెన్స్ అన్నది ఆయన అసలు పేరు కాదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది ఆ మీటింగు కట్టుబాటు. అందుకని వాళ్ళ పేర్లు మార్చాను, వాళ్ళ బాధలు వాళ్ళకే వదిలేస్తున్నాను. మా ఇద్దరి సంగతి మాది కాబట్టి చెబుతాను. నా భర్తను నేను మావా అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే అంటాను.

జూన్‌లో మావ సైటు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఈసా టౌన్‌లో మా మేడం ఇంట్లో కర్టెన్లు ఉతుకుతున్నాను. వాళ్ళది బహ్రెయినీ కుటుంబం. నేను అక్కడే, మేడ మీద చిన్న గదిలో ఉంటాను. మావ కట్టుబడి పనుల్లో ఇనుప చువ్వలు వంచి కడతాడు, కంపెనీ క్యాంపులో ఉంటాడు. ఇంత చిన్న దీవిలో ఉండి కూడా మొగుడూ పెళ్ళాలం కలుసుకునేది శుక్రవారాలే. ఫోన్‌లో ఫోర్‌మన్ "నీ ఆదమీ కింద పడి కొట్టుకుంటున్నాడు, నోట్లో నురగ" అన్నాడు. మా మేడం నా మొహం చూసి ఏమీ అడక్కుండా కారు తాళాలు తీసింది.

సల్మానియా ఆస్పత్రిలో మావ మంచం మీద తడిసిన గుడ్డలా ఉన్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. నాకు కోపం ముంచుకొచ్చింది. "పొద్దున్నే తాగి సైటుకెళ్ళాడా?" అని అక్కడున్న మలయాళీ నర్సును అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "తాగి పడిపోలేదమ్మా. తాగక పడిపోయాడు."

నాకు అర్థం కాలేదు. ఆమె కూర్చుని విడమరిచి చెప్పింది. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ఇలా ఫిట్స్ వస్తాయట, ప్రాణం కూడా పోవచ్చట, డాక్టరు దగ్గరుండి ఆపాలట. అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం మొదట్లో వీడియో కాల్‌లో, ఊళ్ళో పిన్ని దగ్గర ఉంటున్న మా అమ్మాయి చిట్టి వాళ్ళ నాన్న మొహం చూసి, "మత్తులో ఉన్నావా నాన్నా? అయితే తర్వాత మాటాడతాలే" అని ఫోన్ వాళ్ళ పిన్నికి ఇచ్చేసింది. ఆ మాటకి మావ ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా, ఆ పూటనుంచే మానేశాడు. అలా మానేయబట్టే చావు అంచుదాకా వెళ్ళాడు.

ఆస్పత్రి నుంచి పంపేముందు ఆ నర్సు నన్ను పక్కకు పిలిచింది. "వణుకు తగ్గడానికి మేం మందిచ్చాం. బయటికెళ్ళాక మళ్ళీ తాగకుండా ఉండటానికి ఇక్కడ మందు లేదు. మా ఊళ్ళో మా నాన్న ఒక మీటింగుకి వెళ్ళేవాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళే నడుపుకునే మీటింగు. మనామాలో కూడా ఉంది, డబ్బులేం అడగరు. తీసుకెళ్ళు."

"అక్కడేం చేస్తారు?"

"మాట్లాడుకుంటారు."

"అంతేనా?"

"అంతే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మాటలతో పోయే జబ్బయితే నేను తిట్టిన తిట్లకి ఎప్పుడో పోవాలి. కానీ వేరే దారి లేదు. ఇంకొక్కసారి ఇలా అయితే విమానం ఎక్కించేస్తామని కంపెనీ చెప్పేసింది. అంతకన్నా ముందు నేనే మనసులో ఎక్కించేసి ఉన్నాను. మంచం పక్కన నిలబడి చెప్పాను.

"ఇంక నా వల్ల కాదు మావా. ఆ మీటింగుకన్నా వస్తావు, ఇంటికన్నా ఎల్లిపోతావు. ఏదోటి సెప్పు."

మావ కిటికీ వైపు తిరిగాడు. "నాకేం భాషొచ్చని వత్తానే ఆడికి?"

"నాకొచ్చు కదా," అన్నాను.

తరువాతి శుక్రవారం ఆ చోటు పట్టుకోవడానికే మాకు ప్రాణం పోయింది. గాలిలో అంత తేమ ఉంది, బస్సు దిగేసరికే చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. మనామాలో ఒక చర్చి వెనకాల సందులో పాత భవనం అని నర్సు చెప్పింది. ఆ సందులో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాం. బోర్డు లేదు. ఒక తలుపు దగ్గర కాళ్ళదాకా ఉండే తెల్లటి తోబ్ వేసుకున్న బహ్రెయినీ పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఇంటి యజమాని కాబోలు, ఎందుకు తిరుగుతున్నారని కసురుతాడేమో అని మావ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు.

"అహ్లన్, అహ్లన్," అన్నాడు ఆయన. రండి, రండి. తలుపు పూర్తిగా తెరిచి పట్టుకున్నాడు. మేం ఎవరం, ఎందుకొచ్చాం అని అడగలేదు.

ఆయన్ని ఖలీల్ గారు అంటాను. లోపల బల్ల మీద ఫ్లాస్కులో చాయ్ ఉంది. ఆయనే రెండు కప్పుల్లో పోసి, ఒకటి మావకి, ఒకటి నాకు చేతికిచ్చాడు. నేను ఇన్నేళ్ళుగా బహ్రెయినీ ఇళ్ళలో చాయ్ పోసి ఇచ్చిన మనిషిని. ఆ దేశపు పెద్దమనిషి ఒకాయన నాకు పోసి ఇవ్వడం అదే మొదలు. కప్పు పట్టుకుని తాగాలా వద్దా అని నిలబడిపోయాను. ఆయన తన కప్పు ఎత్తి ముందు తాను తాగాడు, నా మొహమాటం తీర్చడానికే అన్నట్టు.

ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. గోళ్ళలో సిమెంటు ఉన్నవాడి పక్కన ఖరీదైన గడియారం పెట్టుకున్నాయన కూర్చున్నాడు. ఆస్పత్రి డ్యూటీ బట్టల్లోనే వచ్చిన ఫిలిప్పీనో ఆమె ఒకరు ఉన్నారు, ఆమెను మారిసెల్ అంటాను. మీటింగు నడిపేది మంగళూరు నుంచి వచ్చిన లారెన్స్ భాయ్. ఆయనకు హిందీ బాగా వచ్చు. నేను మావ కోసం మాటలు తెలుగులోకి మార్చి చెప్పొచ్చా అని అడిగితే, "శుక్రవారం మీటింగుకి ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చు, కూర్చో బహెన్" అన్నాడు.

ఒక్కొక్కరూ మొదలుపెట్టారు, వాళ్ళ ఇంగ్లీషుని లారెన్స్ భాయ్ నాకు హిందీలో చెబుతున్నాడు. ముందు పేరు, ఆ వెంటనే, నేను తాగుబోతుని.

మా ఊళ్ళో ఆ మాట మనిషి వీధి మలుపు తిరిగాక వెనకనుంచి అంటారు. ఇక్కడ ఎవరికి వాళ్ళు, మాది ఫలానా ఊరు అన్నంత మామూలుగా అనుకుంటున్నారు. అలా అన్న ప్రతిసారీ మిగతావాళ్ళు ఆ మనిషిని పేరు పెట్టి పలకరిస్తున్నారు. ఒకామె మాట్లాడుతూ ఏడ్చింది. ఏడవకమ్మా అని ఎవరూ అనలేదు. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని ఎవరూ చెప్పలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా అందరూ కూర్చున్నారు, ఆమె మళ్ళీ మాట్లాడింది, అందరూ విన్నారు. నేను మావ చెవిలో తెలుగులో చెబుతూ చెబుతూ ఆగిపోయాను. నా గొంతు వినబడితే అక్కడి నిశ్శబ్దం పాడవుతుందేమోనని భయం వేసింది. గుళ్ళో అభిషేకం జరిగేటప్పుడు ఒళ్ళు ఎలా గగుర్పొడుస్తుందో అలా అయింది నాకు, అక్కడ దేవుడి బొమ్మ ఒక్కటి కూడా లేకపోయినా.

ఆ రోజు మావ నోరు విప్పలేదు. తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాడు.

"ఆ తెల్లబట్టలాయన కూడా తాగుబోతేనంటావా?"

"అవునంట."

"అంత పెద్దమడిసా?"

"అవును మావా."

బస్సొచ్చింది, ఎక్కాం.

ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం ఉంది. ఆ నెలల్లో మావ చీకటితో డ్యూటీ ఎక్కి మిట్టమధ్యాహ్నానికి దిగిపోయేవాడు. అంతకుముందు ఏడాది ఆ ఖాళీ మధ్యాహ్నాలే ఆయన్ని ముంచాయి. క్యాంపు పక్కన దొంగతనంగా సీసాలు అమ్మేవాడు ఆ వేళకే వచ్చేవాడట. ఇప్పుడు మావ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బస్సెక్కి మనామా వెళ్ళడం మొదలుపెట్టాడు. శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో నేను వెళ్ళలేను కదా. ఆ మీటింగుల్లో అంతా ఇంగ్లీషే.

"ఒక్క ముక్క అర్థం కాదు, ఏం చేస్తావు మావా అక్కడ?" అని ఫోన్‌లో అడిగాను.

"ఏం సెయ్యను. కూకుంటాను. ఆల్ల మొకాలు సూత్తాను." మళ్ళీ తనే అన్నాడు, "అబద్ధం సెప్పేటోడి మొకం నాకు బాగా తెలుసే సత్తీ, అద్దంలో సూసిందే కదా. ఆడ ఒక్కడి మొకవూ అలా లేదు."

ఫోన్ పెట్టేశాక నేను ఆ మాట గురించే ఆలోచిస్తూ గిన్నెలన్నీ రెండోసారి కడిగేశాను.

జూలైలో ఆ శుక్రవారం వచ్చింది. లారెన్స్ భాయ్ గుండ్రంగా అందరి వైపూ చూసి, ఇంకెవరైనా అన్నాడు. మావ చెయ్యెత్తాడు. నాకు ముందుగా చెప్పలేదు.

"నా పేరు లోవరాజు. నేను తాగుబోతుని."

నేను హిందీలో చెప్పాను. "మేరా నామ్ లోవరాజు హై. మైఁ షరాబీ హూఁ." గదిలో అందరూ నావైపు తిరిగి, "హాయ్ లోవరాజు" అన్నారు. ఒక్క క్షణం తర్వాత తప్పు తెలిసి అందరూ నవ్వారు, మావ కూడా నవ్వాడు, తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. అప్పుడు మావ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మాట్లాడాడు. చిట్టి ఫోన్ ఇచ్చేసిన సంగతి, ఫిట్స్ వచ్చిన సంగతి. అవన్నీ నాకు తెలిసినవే, గబగబా హిందీలో చెప్పాను. తర్వాత ఆయన గొంతు తగ్గింది.

"నా పెళ్ళాం నాకు ఫోన్ సేత్తాది. ఎత్తగానే ఏం మాటాడదు. ముందు నా ఊపిరి ఇంటాది. తాగేనో లేదో ఊపిరిలో తెలుత్తాదని. నేను ఏం సెప్పినా ఆ మాట ఇనదు, ఊపిరే ఇంటాది. తాగని రోజు కూడా అలాగే ఇంటాది. అందుకని ఆవిడ ఫోనొత్తే నేను ఊపిరి బిగబట్టేత్తాను."

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

ఫోన్ ఎత్తగానే ఆ రెండు క్షణాలు నేను ఊపిరి వింటానని నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. మావకు తెలుసన్న సంగతి నాకు తెలియదు. ఇప్పుడు ఆ మాట నేనే చెప్పాలి, నా నోటితో, నా పెళ్ళాం అంటూ. లారెన్స్ భాయ్ ఎదురు చూస్తున్నాడు. తొందరపెట్టలేదు. ఆ గదిలో తొందరపెట్టడం ఎవరికీ తెలియదు.

"మేరీ బీవీ," అన్నాను చివరికి. "మేరీ బీవీ జబ్ ఫోన్ కర్తీ హై..." పూర్తిగా చెప్పాను. ఒక్క మాట దాచలేదు, తగ్గించలేదు. లారెన్స్ భాయ్ అది ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఆయన గొంతు కూడా నెమ్మదించింది.

"ఆ టయంలో నాకు నామోషీగా ఉంటాది," అన్నాడు మావ.

నామోషీకి హిందీలో ఏమనాలో తోచలేదు. శరమ్ అనొచ్చు. కానీ శరమ్ అంటే నాకు పెళ్ళికూతురు తల దించుకోవడమే కళ్ళ ముందుకు వస్తుంది. ఇది అది కాదు. వెతుక్కుని వెతుక్కుని, మా మేడం ఇంట్లో రోజూ వినే అరబ్బీ మాట ఒకటి అన్నాను. "ఐబ్."

ఖలీల్ గారు తల పైకెత్తాడు. మావ వైపు చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ మాటని ఆయనే మిగతావాళ్ళకి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు, చాలా మాటలు పట్టాయి ఆయనకి. తుని దగ్గర పల్లెలో పుట్టిన మా మావ గుండెలోని మాట ఒకటి అరబ్బీలో ఒక పెద్దాయనకి చేరి, ఆయన కళ్ళలో నీళ్ళు తెప్పించింది. అది నా కళ్ళతో చూశాను.

ఆ రాత్రి ఫోన్ చేసినప్పుడు, ఎత్తగానే గబగబా నేనే మాట్లాడాను. అన్నం తిన్నావా, ఏం కూర, అని నోటికొచ్చింది ఏదో ఒకటి. మావ అవతల చిన్నగా దగ్గాడు.

ఆగస్టులో ఒక శుక్రవారం మావ రాలేదు. ఫోన్ స్విచ్ ఆఫ్. తలుపు దగ్గర ఎండలో నిలబడి సందు చివరిదాకా చూస్తూ ఉండిపోయాను. ఖలీల్ గారు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. మీటింగయ్యాక కారు తీశాడు. నేను ఒక్కదాన్నే వెళ్ళడం బాగుండదని మారిసెల్ కూడా వెనక సీట్లో నా పక్కన కూర్చుంది.

క్యాంపులోకి ఆడవాళ్ళని రానివ్వరు. మేమిద్దరం కారులో ఉన్నాం. ఆరేసిన లుంగీల మధ్య నుంచి తెల్ల తోబ్ లోపలికి వెళ్ళడం చూశాను. గేటు దగ్గర కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఎంతసేపు ఉన్నాడో, నాకైతే ఒక పూట గడిచినట్టుంది. మారిసెల్ నా చెయ్యి వదల్లేదు.

ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. మావ గదిలోవాడు ఒకడు శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నాడని పార్టీ చేసుకున్నారట. మావ తాగాడు. నిద్రపోతున్నాడు.

"ఏమన్నారు మీరు?" అని అరబ్బీలో అడిగాను.

"ఏమీ అనలేదు. పక్కన కూర్చున్నాను. నీళ్ళు తాగించాను. ఒక కుర్రాణ్ణి కాపలా పెట్టాను, ఒంట్లో తేడా వస్తే నాకు ఫోన్ చెయ్యమని. రేపు మళ్ళీ వస్తాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఖలాస్, అంతా అయిపోయింది అన్నాను. ఆయన కారు ఇంజిను ఆపేశాడు. తర్వాత ఒక సంగతి చెప్పాడు, ఎవరికైనా చెప్పుకోవచ్చని కూడా అన్నాడు.

"నేను ఇలా పడి ఉన్నప్పుడు ఒకతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నీ దేశం వాడే, తోటపని చేసేవాడు. ఆ మీటింగుకి వెళ్ళేవాడు. అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు. నా చెప్పులు సరిగ్గా పక్కపక్కన పెట్టి, తెల్లారేదాకా కూర్చున్నాడు. అంతే చేశాడు."

ఆయన అరబ్బీలో చెప్పింది మారిసెల్‌కి ఎంత అర్థమైందో తెలియదు, ఆమె తల వంచుకుంది. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళున్నాను. ఎండ, పని, వీసా ఇచ్చే కఫీల్, క్యాంపు, ఇవే తెలుసు నాకు. వీటి కింద ఇంకో ఊరు ఉందని, అక్కడ తోటమాలి యజమాని మంచం పక్కన, యజమాని కూలివాడి మంచం పక్కన కూర్చుంటారని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.

తర్వాతి శుక్రవారం మావ వచ్చాడు, గడ్డం గీసుకుని, నా కళ్ళలోకి చూడకుండా. తన వంతు రాగానే రెండే మాటలన్నాడు.

"మళ్ళీ తాగేను."

నేను చెప్పాను. లారెన్స్ భాయ్ చెప్పాడు. ఇప్పుడు తిడతారనుకున్నాను, కనీసం మొహాలు మాడ్చుకుంటారనుకున్నాను. గది మొత్తం చప్పట్లు కొట్టింది. మావ బిత్తరపోయి నావైపు చూశాడు.

"నేను సరిగ్గా సెప్పలేదేంటే?" అని గుసగుసగా అడిగాడు. "తాగేనని సెప్పేవా, మానేసేనని సెప్పేవా?"

"తాగేవనే చెప్పేను మావా."

"మరి సప్పట్లేంటి?"

లారెన్స్ భాయ్ ముందుకు వంగి మావ భుజం తట్టాడు. "వచ్చావు కదా భాయ్," అన్నాడు. దాన్ని నేను తెలుగులోకి మార్చబోతే మావ చెయ్యి అడ్డం పెట్టాడు. అర్థమైందన్నట్టు తలాడించాడు.

సెప్టెంబరు సగానికి మధ్యాహ్నం పని మళ్ళీ మొదలవుతుంది. ఇక మావకి శుక్రవారం ఒక్కటే మిగులుతుంది. ఆ ముందు శుక్రవారం తలుపు దగ్గర ఆగి అన్నాడు.

"సత్తీ, ఇయ్యాల నువ్వు బయట కూకో."

"ఎందుకు?"

"నేనే సెప్తాను. వచ్చిన కాడికి."

చివుక్కుమంది. ఇన్ని వారాలు నా నోరు వాడుకుని ఇప్పుడు బయట కూర్చోమంటాడా అనుకున్నాను. నా ముందు చెప్పలేనిది ఏం మిగిలిందో అని కూడా అనుకున్నాను. కానీ ఆయన మొహం చూశాక సరేనన్నాను. నడవలో మెట్టు మీద కూర్చున్నాను. తలుపు మూసి ఉంది. ఎవరెవరివో గొంతులు వినిపిస్తున్నాయి, తర్వాత మావ గొంతు.

"మేరా నామ్ లోవరాజు. మైఁ షరాబీ హై."

హై కాదు, హూఁ. లేచి తలుపు సందులోంచి సరిచేద్దామా అనిపించింది. మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన మాటలు నాకు తెలియలేదు, గొంతు మాత్రమే తెలిసింది. ఆగుతోంది, వెతుక్కుంటోంది, మళ్ళీ నడుస్తోంది. చాలాసేపు నడిచింది. ఒకచోట బాగా తగ్గిపోయింది, నేను ఊపిరి తీసుకోవడం మానేసి విన్నాను. అప్పుడు గది మొత్తం ఒక్కసారిగా నవ్వింది. వాళ్ళందరి నవ్వుల మధ్య మావ నవ్వు వినబడింది.

తాగనప్పుడు ఆ మనిషి నవ్వు ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. పెళ్ళయిన కొత్తలో విన్నాను. చిట్టి పుట్టినప్పుడు విన్నాను. తలుపుకి ఇవతల, పరాయి దేశంలో, మెట్టు మీద కూర్చుని మళ్ళీ విన్నాను. చేతులు జోడించానని తర్వాత చూసుకుంటే తెలిసింది.

బయటికి వచ్చాక మావ చొక్కా చెమటతో తడిసి ఉంది, లోపల ఏసీ ఉన్నా కూడా.

"ఆకలేత్తంది," అన్నాడు. "సేపలు కొనుక్కుందామేంటే?"

ఆ తర్వాత ఇప్పటిదాకా మావ తాగలేదు. రేపటి సంగతి నేను చెప్పను, ఆయనా చెప్పడు. ప్రతి శుక్రవారం వెళ్తాడు, కుర్చీలు వేసేది ఇప్పుడు ఆయనే. చిట్టి ఫోన్‌లో వాళ్ళ నాన్నతో బడి కబుర్లు ముందు చెప్పి, తర్వాత నాకు చెబుతుంది.

మావ తనే మాట్లాడిన ఆ సెప్టెంబరు శుక్రవారం, మీటింగు నుంచి నేరుగా జిదాఫ్స్ మార్కెట్టుకి వెళ్ళాం. మావ నాకన్నా ముందు నడిచి, చేపలమ్మే బంగ్లాదేశీ అతని ముందు నిలబడ్డాడు. పులుసుకి ముక్కలు ఎంత మందాన కొయ్యాలో, తల పారెయ్యకుండా ఎలా చీల్చి ఇవ్వాలో, గుడ్డు ఉంటే విడిగా ఎలా కట్టాలో చేతులు తిప్పుతూ హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు. మాటకొక తప్పు. నేను వెనకే నిలబడి నోరు మెదపలేదు. చేపలతనికి అంతా అర్థమైంది.